నక్కల ముందు కూర్చోవడం నేర్పిన ఎస్తేరవ్వ

మొన్న బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి నన్ను దాటిపోయింది. అప్పుడే కోసిన చెరుకు వాసన, పచ్చి తీపీ మట్టీ కలిసిన వాసన, గుప్పున తగిలింది. ఆ వాసన వస్తే చాలామందికి బెల్లం గుర్తుకొస్తుందట. నాకు మాత్రం నక్కలు గుర్తుకొస్తాయి, వాటి వెనకే ఎస్తేరవ్వ గుర్తుకొస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా ఊరు ఎప్పుడో నవ్వేసింది.

ఎస్తేరవ్వ మిషన్ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నర్సుగా చేసి, పని మానుకున్నాక ఎడపల్లి దగ్గర మా చెరుకు చేను పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకుంది. అప్పటికి అరవయ్యో దశకం మొదలై కొన్నేళ్ళయింది. బాపు పోయి చేను నా చేతికొచ్చి రెండేళ్ళు. తన దేశానికి వెళ్ళిపోతూ ఒక డాక్టరమ్మ ఇచ్చిన డబ్బా కెమెరా అవ్వ దగ్గర ఉండేది. మెడలో వేలాడదీసుకుని పైనుంచి తొంగిచూసే రకం. చర్చి పెళ్ళిళ్ళకు ఎవరు బతిమాలినా ఆ కెమెరా బయటికి తీసేది కాదు. నక్కల కోసమైతే దినమూ తీసేది.

మా చేనుకు తూర్పున వాగు, పడమట రోడ్డు. వాగు గట్టు మీద గుంటనక్కల బొరియ ఉండేది. పిల్లికంటే కాస్త పెద్ద ప్రాణం, సన్నటి కాళ్ళు, తోక చివర సిరాలో ముంచినట్టు నలుపు. ఒక పొద్దున నీళ్ళు కట్టడానికి పోయినప్పుడు చూద్దును కదా, అవ్వ గట్టుకు పదిహేను అడుగుల దూరంలో గోనెసంచి మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మెడలో కెమెరా. ముసలావిడకు మతి పోయిందనుకున్నాను.

"ఏందవ్వా, ఇంట్ల జాగ లేదా?" అన్నాను.

"మెల్లగ మాట్లాడు గంగారాం. ఊకె కూసున్నోణ్ణి సూస్తె జంతువుకు అనుమానమొస్తది. పని జేసుకునేటోణ్ణి అది పట్టించుకోదు," అని గింజ పక్కన వేసింది.

నేను నవ్వేలోపే బొరియ లోంచి తల్లినక్క తల బయటపెట్టింది. మమ్మల్ని చూసింది, ఆవలించింది, ఎండలో పడుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గట్టు మీద తిరిగినవాణ్ణి, నక్క ఆవలించడం ఆ రోజే చూశాను. మర్నాడు నేనూ ఒక గోనెసంచి పట్టుకుపోయాను.

అవ్వ పాఠాలు ఒక వరసలో ఉండేవి కావు, గుర్తొచ్చినప్పుడు చెప్పేది. దినం ఒకే బట్టలు, ఒకే జాగా. గాలి మన ముఖానికి తగలాలి, ఎండ మన వీపుకు తగలాలి. వాసన నూనె రాసుకొస్తే ఇంటికి పంపేది. ఒకసారి నేను దొంగతనంగా ఒక రొట్టె ముక్క విసిరితే లేచిపోయి తీసుకొచ్చి నా చేతిలోనే పెట్టింది. "పెట్టి పిలిస్తె అది నక్క గాదు, ఇంటి కుక్క. రేపు మంది కోళ్ళకాడికి పోతది. పాపం ఎవనికి?" అంది. మొదటి పదిహేను రోజులు కెమెరాలో ఫిల్మే వేయలేదు. ఖాళీ డబ్బానే టక్కు టక్కుమని నొక్కుతూ కూర్చునేది, ఆ చప్పుడు నక్కకు అలవాటు కావాలని. ఫిల్మ్‌కు పన్నెండు బొమ్మలు. నిజామాబాద్ స్టూడియోలో కడిగించడానికి బస్సులో పంపితే వారానికి వచ్చేవి. అందులో పది బొమ్మల్లో నక్క ఉండాల్సిన చోట ఒట్టి గడ్డి ఉండేది. మిగిలిన రెంటికే అవ్వ మురిసిపోయేది.

మా ఇంట్లో నా భార్య రాజవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "పొద్దుగాల నక్కను సూస్తె అదృష్టమంటరు. నువ్వు దినాం సూస్తున్నవ్, మనకేమొచ్చింది?" అని అడిగేది. నిజానికి నాకు ఏదో వచ్చింది. బాపు పోయాక ఏ పని మీదా నిలవని మనసు ఆ గోనెసంచి మీద నిలిచింది. ఈ మాట అప్పుడు రాజవ్వకు చెప్పడం చేతకాలేదు.

మాఘం దాటాక నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. అవ్వ మొదటిసారి కెమెరా నా మెడలో వేసింది. ఇక నాకు నిద్ర పట్టలేదు. నాలుగు పిల్లలతో తల్లి ఒకే బొమ్మలో పడాలి. కానీ మా చెరుకే అడ్డం, పిల్లలు ఎప్పుడూ దాని నీడలోనే ఆడుకునేవి. అంతలో మా చేను కోతకు వచ్చింది. నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. వాగు వైపు ముందు కోయిస్తే గట్టు ముందు నేలంతా తేటపడుతుంది, నేను వాగు అంచున కూర్చుంటే తూర్పు ఎండ నా వీపు మీదే ఉంటుంది, నక్కలు బయలులో దొరుకుతాయి.

కోతకు మహారాష్ట్ర వైపునుంచి బండ్లతో వచ్చిన మందికి పెద్దగా ఒక ముకద్దం ఉండేవాడు. అతను కత్తి పట్టుకుని ఆగిపోయాడు. "వాగు బాజుకెల్లా, మాలక్? మీ బాపు దినాల్ల ఎప్పుడు రోడ్డు బాజుకెల్లే కోసినం."

"నేను జెప్తున్న గదా, కొయ్యి," అన్నాను.

కెమెరా పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడి నక్కలు? గట్టు మీద మనుషుల సందడి చూసి తల్లి తెల్లవారకముందే పిల్లల్ని చెరుకు లోపలికి తీసుకుపోయిందని తర్వాత అర్థమైంది. కత్తులు ముందుకు జరుగుతున్నకొద్దీ అవి రోడ్డు వైపు జరిగాయి. మధ్యాహ్నానికి రోడ్డు పక్కన నాలుగు గుంటల చెరుకు, ఎకరంలో పదో వంతు, మిగిలింది. చివరి చెరుకులో కుందేళ్ళు దొరుకుతాయని ఊరి జనం కర్రలతో, కుక్కలతో ఎప్పటిలాగే వచ్చి చుట్టూ నిలబడ్డారు. లోపలినుంచి సన్నగా పిల్లల కూత వినబడింది. ఒకవైపు రోడ్డు, మూడువైపులా నున్నగా కోసిన నేల. వాటికి దారి లేకుండా చేసింది నేనే.

అవ్వ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఇన్ని జెప్పినవ్, గిదొక్కటి జెప్పకపోతివేందవ్వా?" అన్నాను.

"దేనిదైనా పోయే తొవ్వకు అడ్డం కూసోవద్దని రైతుకు నేను జెప్పాల్నా, గంగారాం? మీ బాపు రోడ్డుకెల్లి ఎందుకు కోస్తుండె?"

ఎందుకు కోసేవాడో నాకు తెలుసు. చెరుకులో ఉన్న ప్రాణులు వాగులోకి పోవాలని. చిన్నప్పుడు ఆయన చెప్పగా విన్నాను. ఒక బొమ్మ కోసం మరిచిపోయాను.

"చేను నీది. ఆపేది గూడ నువ్వే," అంది అవ్వ.

వెళ్ళి చెరుకుకూ కుక్కలకూ మధ్య చేతులు చాపి నిలబడ్డాను. కోత ఆపండి, కుక్కల్ని తీసుకుపోండి అన్నాను. "నక్కల కోసం చెరుకు ఆపుతవా? పిస లేసిందా?" అని ఒకతను అడిగాడు. "తప్పు నేను జేసిన. మీ కాళ్ళు మొక్కుత, పోండ్రి," అన్నాను. ముకద్దం తన మందిని బండ్ల దగ్గరికి పిలుచుకున్నాడు. జనం నవ్వుకుంటూ కదిలారు. నక్క గంగారాం అన్న పేరు ఆ రోజే పడింది, ఇంకా పోలేదు.

నేనూ అవ్వా దూరంగా రోడ్డు అవతల కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా తల్లి ఒక పిల్లను నోట కరుచుకుని బయటికొచ్చింది. కోసిన మోళ్ళ మీదుగా వాగుకేసి పరుగెత్తింది, మళ్ళీ వచ్చింది. అవ్వ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. నాలుగో పిల్లతో పోతున్నప్పుడు నా మోచెయ్యి తట్టి, "ఇప్పుడు తియ్యి," అంది. నొక్కాను.

వారానికి బొమ్మ వచ్చింది. మోళ్ళ మధ్య చిన్నగా ఒక వీపు, నల్లటి తోక చివర, అంతే. ముఖం లేదు. నేను సిగ్గుపడుతూ చేతికిస్తే అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నది," అంది. "పోతున్నది గదా, గంగారాం."

ఆ మరుసటేడు నక్కలు అదే గట్టుకు తిరిగొచ్చాయి. తల్లీ పిల్లలూ కలిసిన బొమ్మలు తర్వాత చాలా తీశాను. అవ్వ గోడకు పెట్టుకున్నది మాత్రం ఆ ఒక్కటే. ఆమె పోయేదాకా అక్కడే ఉంది, ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నాకు డెబ్బై దాటి చాలా కాలమైంది. కొడుకులతో గొడవలయ్యాయి, పాలివాళ్ళతో తగాదాలయ్యాయి, అందరి ఇళ్ళల్లోలాగే. ఎంత కోపమొచ్చినా ఎదుటివాడికీ గుమ్మానికీ మధ్య కూర్చోను. నా కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంటాను. లేచి పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళే మళ్ళీ వచ్చారు.