తాడు పట్టిన నేరం

ఉదయం ఎనిమిదిన్నరకు రాజమండ్రిలో రైలెక్కాను. పని విశాఖపట్నంలో, అదీ ప్రభుత్వానిది. మద్రాసులో ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి తమిళం నేర్చుకున్న పాపానికి, ఒక విచారణలో దుబాసీగా రమ్మని కబురొచ్చింది. శ్రీలంక నుంచి పడవలో వచ్చి ఆశ్రయం కోరిన సెల్వం అనే జాలరి, అనుమతి లేకుండా పని చేశాడట. రుజువైతే అతన్ని భార్యాబిడ్డల నుంచి విడదీసి, వేరే జిల్లాలోని మగవాళ్ల శిబిరానికి పంపుతారు.

తునిలో చల్లారిన ఇడ్లీ తిని, పన్నెండుంబావుకు విశాఖలో దిగాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో భీమిలి బస్సు ఎక్కితే, పక్క సీట్లో ఎర్రయ్య అనే ముసలి జాలరి, తన పేటకి పెద్ద. అతనూ ఆ విచారణకే సాక్షి.

"పొద్దున్న ఆఫీసుకి రమ్మన్నారు బాబూ. తీరా ఎల్తే ఇసారణ లాడ్జిలోనన్నారు. ఆ లాడ్జి మా పేట పక్కనే!" అన్నాడు. "మేం వల లాగతంటే సెల్వం వచ్చి తాడట్టుకున్నాడు. తాడట్టుకున్నోడికి సేపల్లో వాటా ఇవ్వాల, ఇచ్చాం. దానికి కేసేటి?"

రుషికొండ దాటాక దిగాం. సముద్రానికి ఎదురుగా మూడంతస్తుల లాడ్జి. ఒక అంతస్తు మొత్తం ప్రభుత్వం అద్దెకు తీసుకుంది. అందులో ఉన్నది ముగ్గురు: సెల్వం, భార్య మలర్, నాలుగేళ్ల పాప. గేటు దగ్గర షిఫ్టుకు ఇద్దరు కాపలా; పుస్తకంలో సంతకం పెడితే పగలు బీచ్ దాకా వెళ్లనిస్తారు. పూటపూటకీ కాంట్రాక్టరు వ్యానులో నీళ్ల సాంబారు వస్తుంది. గదిలో పొయ్యి వెలిగించడం నిషేధం. పది నెలలుగా ఇదీ ఏలినవారి ఆతిథ్యం. ఆ వాటా చేపలు ఎర్రయ్య ఇంట్లో వండితే, పాప రెండుసార్లు అన్నం పెట్టించుకుందని మలర్ నాతో చెప్పింది.

రెండున్నరకు విచారణ మొదలైంది. సరదాకే తాడు పట్టానని, ఇంత కాలానికి చేతులకి పని దొరికిందని సెల్వం అన్నాడు. నేను తెలుగులో 'పని' అన్నానో లేదో, విచారణ అధికారి వెంటనే రాసుకున్నాడు. ఎర్రయ్యకి కోపం వచ్చింది.

"రేపు తెల్లారి తమరొచ్చి తాడట్టుకోండి బాబూ. తమరికీ వాటా ఇత్తాం. తమరు కూలోళ్లైపోతారా?"

కాపలావాడు నవ్వాపుకోలేకపోయాడు. అధికారి నవ్వలేదు. 'ప్రతిఫలంగా చేపలు ఇచ్చినట్టు మత్స్యకారుల పెద్ద అంగీకరించారు' అని రాసి, ఎర్రయ్య చేతే వేలిముద్ర వేయించాడు. కాపాడడానికి వచ్చినవాడి మాటే రుజువైపోయింది. నాకు ఒళ్లు మండింది.

నాలుగింటికి జీపు వచ్చింది. ఒక్క మనిషిని తీసుకెళ్లడానికి ఇద్దరు పోలీసులు, ఒక గుమాస్తా. ఆ మగవాళ్ల శిబిరంలో అతనికి మళ్లీ వేరే గది, వేరే కాపలా, వేరే భోజనాల కాంట్రాక్టు. ఇక్కడ అంతస్తు అద్దె మాత్రం తగ్గదట. ఆయన్ని మళ్లీ ఎప్పుడు పంపుతారని మలర్ నన్ను అడగమంది.

"అది మా సెక్షన్ కాదు," అన్నాడు అధికారి.

ఆ ముక్క తమిళంలో చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, ఇంత దూరం వచ్చినందుకు నాకు దణ్ణం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం ఆరున్నర రైలుకి తిరుగు ప్రయాణం. వెళ్లదలచిన వారికి ఒక మాట: బస్సులు దండిగా ఉన్నాయి, బీచ్ బాగుంది. ఇక ప్రభుత్వం ఆ కుటుంబం మీద ధారపోస్తున్న సొమ్ము సంగతంటారా, అందులో ఈ రోజు ఖర్చయింది జీపు డీజిలూ, నా రానుపోను చార్జీలూ, నా భత్యమూను. ఆ భత్యానికి సంతకం పెట్టే వచ్చాను.