బరాబర్ కట్టిన దారాలు

పోయిన వారం మా యూనిట్లో ట్రాక్ ప్యాంట్ల పని నడుస్తోంది. నడుము దగ్గర దూర్చే నైలాన్ తాడు కొసలు పీచు లేవకుండా ఒక అమ్మాయి లైటరుతో కాల్చి వేళ్ళతో నలుపుతోంది. ఆ వాసన నా బల్ల దాకా వచ్చేసరికి చేతిలోని టేపు ఎక్కడ పడేశానో కూడా చూసుకోకుండా లేచి వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాను. మేడమ్‌కు బీపీ తగ్గినట్టుందని లోపల అనుకున్నారట. బీపీ కాదు. ఆ వాసన వస్తే నాకు ఎర్రిస్వామి మాస్టరు గుర్తొస్తాడు. కొవ్వొత్తి వెలిగించుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఆయన గాలిపటం దారాల కొసలు ఒక్కొక్కటే కాల్చి ముద్ద చేస్తుంటే, పక్కన కూర్చుని ఎన్ని ఆదివారాలు ఆ పొగ పీల్చానో. ఆయన పోయి మూడేళ్ళయింది. చెప్పవలసిన ఒక మాట ఆయనకు చెప్పకుండానే ఉండిపోయాను. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మాస్టరు బళ్ళారిలో మా జీన్స్ యూనిట్‌కు కటింగ్ మాస్టరు. డెనిమ్‌ను పొర మీద పొరగా బల్ల నిండా పరిచి, ఎడమ అరచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో మిషను నడిపితే పైపొరకూ కిందిపొరకూ నూలుపోగంత తేడా రాదని ఆయనకు పేరు. నేను ఇరవై నాలుగేళ్ళప్పుడు అక్కడ చెకింగులో చేరాను. తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఉద్యోగం రాకముందు నుంచీ నీకదే పని కదే అని మా అమ్మ దెప్పేది. చేరిన రెండో వారంలోనే మాస్టరు కత్తిరించిన బండిల్ మొత్తానికి ఎర్రచుక్క పెట్టి తిప్పి పంపాను. ఆయనే లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంది భారతమ్మా, నా కటింగుకే ఎర్రచుక్కనా?"

"కుడికాలికీ ఎడమకాలికీ పావంగుళం తేడా ఉండాది మాస్టరూ. టేపు పెట్టి చూసుకోండి."

టేపు పెట్టి చూశాడు. ఇంకోసారి పెట్టాడు. ఆ తర్వాత పెద్దగా నవ్వి, "బరాబర్ పట్టినావమ్మా" అన్నాడు, అందరికీ వినపడేలా. నేను ఆకాశంలో తేలిపోయాను. మా ఊళ్ళో ఆ మాటకు రెండర్థాలున్నాయి. రెండు వైపులా సమానంగా ఉన్నదీ బరాబరే, సరిగ్గా ఉన్నదీ బరాబరే. ఆ రెండూ ఒకటి కాకుండా ఎలా పోతాయని ఆ వయసులో నా నమ్మకం.

గాలిపటం వచ్చింది ఆ ఏడే. తోరణగల్లు స్టీలు ఫ్యాక్టరీలో పనిమీద కొన్నాళ్ళుండడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు సరదాగా ఎగరేసుకునే గాలిపటం ముళ్ళకంచెకు తగిలి చిరిగింది. ఆయన కారు డ్రైవరు దాన్ని చుట్టి మా యూనిట్‌కు తెచ్చాడు, ఇంత మంది టైలర్లున్నారు కదా, ఒక కుట్టు వేసిస్తారని. నల్లటి కార్బన్ పుల్లలు, ఊదితే ఎగిరిపోయేంత పల్చటి గుడ్డ, రెక్కలు చాపిన గబ్బిలంలా ఒక మనిషి పొడవు. టైలరు సూదిలో దారం ఎక్కించబోతే మాస్టరు చెయ్యి పట్టుకున్నాడు. "ఇది సూదికిచ్చే గుడ్డ కాదప్పా. ఒక్కో కన్నమూ రేపు ఒక చినుగు అయితాది." ఆ పూటంతా కూర్చుని అంటుకునే గుడ్డతో రెండు వైపులా అతుకులు వేశాడు. అతుకు మూలలు గుండ్రంగా కత్తిరించమని నాకు చెప్పాడు. మూల ఉంటే గాలి అక్కడే గోరు పెట్టి లేపుతుందట. ఇంజనీరు వచ్చి, మా వెనక ఖాళీ స్థలంలో దాన్ని ఎగరేసి, మా తలల మీద గాల్లో కదలకుండా ఆపేశాడు. మాస్టరు నోరు తెరుచుకుని చూశాడు. ఆ మనిషి దేశం వెళ్ళిపోతూ గాలిపటాన్ని మాస్టరుకే ఇచ్చిపోయాడు.

అప్పటినుంచి ఆదివారాలు సిరుగుప్ప రోడ్డు పక్కన, పైరు లేని నల్లరేగడి బయలు మాది. ఆడపిల్లవు, ఎండలో ఆ గాలిపటం పిచ్చేందే అని అమ్మ గొణిగేది. పిచ్చే. మామూలు గాలిపటానికి ఒక దారం. దీనికి నాలుగు, ఒక్కొక్కటి ఎనభై అడుగులు. చేతికొక పిడి, పిడికి పైన ఒకటి, కింద ఒకటి. పైదారం లాగితే ముందుకు దూకుతుంది. మణికట్టు వంచి పిడి కిందిభాగాన్ని మన వైపు తెస్తే బ్రేకు పడుతుంది. రెండు మణికట్లూ తెలిసి ఆడితే ఎక్కడ కావాలంటే అక్కడ నిలుస్తుంది, వెనక్కీ నడుస్తుంది. పిడి పైకొసన జానెడు తాడుకు వరసగా ముళ్ళుంటాయి. పైదారాన్ని పిడికి ఎంత దూరపు ముడికి తగిలిస్తే అంత బ్రేకు. నాలుగు దారాలూ ఒకే మేకుకు తగిలించి లాగి, సాగినదాన్ని విప్పి మళ్ళీ కట్టడం మాస్టరు నాకు మొదట నేర్పిన పని.

"ఎగరేసేది ఎవురైనా ఎగరేస్తారు భారతమ్మా. నిలబెట్టల్ల. నిలబెట్టేదాంట్లోనే ఉండాది అంతా."

ఆషాఢం గాలికి ఆయన దాన్ని భూమికి మూరెడు ఎత్తున నిలిపి, అలాగే పక్కకు నడిపించేవాడు. నేను నెలరోజులు నేలను గుద్దడమే నేర్చుకున్నాను. ఆయన విసుక్కోలేదు. ప్రతిసారీ నాకిచ్చేముందు "స్వల్ప ఆగు" అని నా వైపు వీపు పెట్టి పిడుల దగ్గర ఏదో సర్దేవాడు. తిరిగి తీసుకున్నాక మళ్ళీ సర్దుకునేవాడు. బయల్లో పిడులకు తగిలించిన దారాలు చుట్టడం, విప్పడం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. చాదస్తం అనుకున్నాను. తప్పులు పట్టే ఉద్యోగం చేస్తూ నేను అడగవలసిన ప్రశ్న అదొక్కటే, అదే అడగలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. యూనిట్‌కు కంప్యూటర్ కటింగ్ మిషను వస్తుందని చెప్పుకుంటున్నారు. మాస్టరుకు చూపు తగ్గుతోంది. రెండుసార్లు సుద్ద గీత పక్కకు గీస్తే, ఓనరు కంట పడకముందే నేనే తుడిచి సరిగా గీశాను. ఆయనకు కూడా చెప్పలేదు. ఎందుకు చిన్నబుచ్చాలి అనుకున్నాను. ఆ రోజుల్లోనే తోరణగల్లు కాలనీ క్లబ్బు సెక్రటరీ ఒకాయన బయల్లో ఆగి మాస్టరు ఎగరేయడం చూశాడు. క్లబ్బు వార్షికోత్సవంలో ఒకసారి ఎగరేసి చూపిస్తే, అందరికీ నచ్చితే, కాలనీ పిల్లలకు వారం వారం నేర్పించడానికి గ్రౌండు ఇస్తామన్నాడు.

మాస్టరు ముఖం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. చెడిపోయిన గొడుగుల గుడ్డతో పిల్లల కోసం ఆరు చిన్న గాలిపటాలు కత్తిరించాడు. జీన్స్ అలవాటు పోక వాటికీ ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్పై అని సైజు లేబుళ్ళు అంటించాడు. నేను పడీ పడీ నవ్వాను. "నవ్వుకో నవ్వుకో. ఆ క్లాసు ఒకటి దొరికితే ఈ కటింగు బల్లకు నమస్కారం పెట్టి వచ్చేస్తా" అన్నాడు. హాస్యంగా అన్న మాట కాదది. మిషను వచ్చాక ఆయన చేయడానికి ఇంకో పని లేదు.

వార్షికోత్సవం జరిగే ఆదివారం క్లబ్బు గ్రౌండు నిండా కుర్చీలు. మేం చేరగానే సెక్రటరీ వచ్చి, అతిథులకు పరిచయం చేస్తానని మాస్టరును లాక్కుపోయాడు. ఆయన వెళుతూ దారాల చుట్ట నా చేతిలో పెట్టాడు. "దారాలు పరిచి పెట్టమ్మా, వచ్చేస్తా." అంతకుముందెప్పుడూ ఇవ్వని పని. పిడులతో సహా చుట్టి ఉంచిన దారాలను పరిచాను, గాలిపటానికి తగిలించాను, పిడులు చేతిలోకి తీసుకున్నాను. పిడి వైపు నుంచి లెక్కపెడితే, కుడి పిడికి పైదారం రెండో ముడికి ఉంది. ఎడమ పిడికి నాలుగో ముడికి ఉంది.

సుద్ద గీతలు గుర్తొచ్చాయి. అయ్యో, చూపు మోసం చేసింది మాస్టరును, అనుకున్నాను. ఆయన అటు కుర్చీల దగ్గర పెద్దలతో టీ తాగుతున్నాడు. అంత మందిలో పోయి మీరు ముడి తప్పు కట్టారని ఎలా చెప్పను? ఎడమదాన్ని విప్పి రెండో ముడికి తగిలించాను. పది సెకన్ల పని. గుట్టు చప్పుడు కాకుండా ఆయన పరువు కాపాడానని లోపల మురిసిపోయాను కూడా.

గాలిపటం లేచింది. లేచీ లేవగానే ఎడమ రెక్క ముందుకు పరుగెత్తింది, మొత్తం కుడివైపు గిర్రున తిరిగి నేలకు కొట్టుకుంది. మాస్టరు తెల్లబోయాడు. మళ్ళీ లేపాడు. ఈసారి నేను గాలిపటాన్ని చూడలేదు, ఆయన చేతుల్ని చూశాను. కుడి మణికట్టు పూర్తిగా వంగుతోంది. ఎడమది వంగడం లేదు. కట్టెలా ఉండిపోయింది. ఆ చేత్తో బ్రేకు వేయడం కుదరదు కాబట్టి ఎడమ పైదారాన్ని రెండు ముళ్ళు దూరంగా తగిలించి ఆయన బ్రేకు ముందే వేసి పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు ఆ చేతిని బల్ల మీద చదునుగా ఆనించి ఉండగానే చూశాను, వంగగా చూడలేదు. కటింగ్ మాస్టరు మణికట్టు పనిచేయదని తెలిస్తే ఆ బల్ల దగ్గర ఒక్కరోజు ఉంచరు. అందుకే దాచాడు.

రెండోసారి కూడా పడింది. పరుగెత్తి వెళ్ళి ఆ ముడి మార్చడానికి మళ్ళీ పది సెకన్లు చాలు. కానీ అందరి ముందూ వెళ్ళాలి, తప్పు నాదని ఒప్పుకోవాలి. అందరి తప్పులకూ ఎర్రచుక్కలు పెట్టే భారతి నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు. మూడోసారి గాలిపటం ముందు వరస కుర్చీలకు బారెడు దూరంలో ముక్కు గుద్దుకుంది. పుల్ల ఫట్‌మని విరిగింది. ఒక పిల్ల భయపడి ఏడ్చింది. "పిల్లలకు డేంజర్ కదా ఇది" అని ఎవరో అన్నారు. సెక్రటరీ వాచీ చూసుకుని తర్వాతి ఐటం పిలిచాడు. "ఈ పొద్దు గాలి బాగలేదు సార్" అన్నాడు మాస్టరు. గ్రౌండు చుట్టూ కట్టిన జెండాలు నిండుగా ఎగురుతున్నాయి. నేను విరిగిన పుల్ల ముక్కలు ఏరుతూ తల దించుకున్నాను. దారాలు ఆయనే చుట్టుకున్నాడు.

తిరిగొచ్చే బస్సులో నాది కిటికీ సీటు. ఆయన పక్కన, గాలిపటం ఒడిలో. బస్సు కదిలిన కాసేపటికి అడిగాడు.

"భారతమ్మా, దారాలు బరాబర్ ఉండె కదా?"

"బరాబర్ ఉండె మాస్టరూ."

అబద్ధం కాదు. టేపు పెట్టి కొలిచినా బరాబరే. నా జన్మలో అంత నీచమైన నిజం ఇంకోటి చెప్పలేదు. ఆయన సరేలే అన్నట్టు తల ఊపాడు. కుడితినిలో బస్సు ఆగితే దిగి మిరపకాయ బజ్జీలు, బొరుగులు తెచ్చి సగం నాకు పెట్టాడు. తిన్నాను.

ఆ తర్వాత ఆదివారాలు అమ్మకు బాగాలేదన్నాను, చుట్టాలొచ్చారన్నాను. యూనిట్లో ఆయన ఎదురొస్తే టేపు సర్దుకుంటూ పక్కకు తిరిగేదాన్ని. ఆరునెలల్లో మిషను వచ్చింది, ఆయన మానేసి భార్య హంపమ్మ ఊరు తారానగర్‌కు వెళ్ళిపోయాడు. ఏటా ఆషాఢంలో ఫోను చేసేవాడు. "కొత్త పుల్ల వేసినా. ఈడ గాలి బలే ఉండాది భారతమ్మా, వస్తావా?" వస్తా మాస్టరూ అనేదాన్ని. తారానగర్ ఏమన్నా సముద్రం అవతల ఉందా? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాను. ఏడేళ్ళు, ఏడు ఫోన్లు. ఎనిమిదో ఏడు ఫోను రాలేదు. గుండె ఆగి పోయాడని పాత టైలరు ఒకాయన చెప్పేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అప్పుడు వెళ్ళాను, ఎందుకో మరి.

హంపమ్మ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను ఏడుస్తూ ఆమెకు చెప్పేశాను, ఆ ముడి మార్చింది నేనేనని.

"తెలుసు పాపా. ఆ దినం దారాలు చుట్టేటప్పుడే బొటనేలితో ముళ్ళు చూసుకున్నాడంట. ఇంటికొస్తానే చెప్పినాడు."

"తిట్టినాడా?"

"నిన్నెందుకు తిడతాడు? ఎప్పుడో డెనిమ్ తాను మీద పడి మణికట్టు విరిగితే నాటుకట్టు కట్టించుకుని గమ్మునుండిపోయినాడు. 'ఆ పిల్లకైనా చెప్పకపోతినే, తప్పు నాదే' అంటాండె. నేనే పోయి పిల్చకొస్తా అంటిని. వద్దనె."

"ఎందుకు?"

హంపమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "బస్సులో నిన్ను అడిగినాడంట కదా. 'బళ్ళారి స్టాండు వచ్చేదాకా ఆ పిల్ల మొకమే చూస్తాంటి హంపమ్మా. చెప్పల్లని నోరు తెరుస్తాది, మూస్తాది. పాపం ఎంత కష్టపడిందో. తనంతట తానే వస్తాదిలే, తొందర పెట్టొద్దు' అన్నాడు."

ఆ రోజు బస్సులో ఆయన నా మీదుగా బయట చేలు చూస్తున్నాడనుకున్నాను. బళ్ళారి దాకా గంట ప్రయాణం. ఆ గంటసేపూ మాస్టరు నా కోసం ఆగాడు, ఆ తర్వాత ఏడేళ్ళు ఆగాడు. ఇప్పుడు మా యూనిట్లో ఎవరైనా ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం నా ముఖం వైపు చూస్తే చాలు, ముడి మార్చింది నేనే మాస్టరూ అని నోటిదాకా వచ్చేస్తుంది. వినవలసిన మనిషి మాత్రం ఎదురుగా ఉండడు.