తోక ఊపని కుక్క

అంతరించిన జంతువుల మీద జాలిపడటం తేలిక. అవి మనల్ని కరవవు. మ్యూజియంలో నమూనాలు చేసే ఆవిడకు ఆ జాలి గిట్టేది కాదు. బట్టల కొట్లకు బొమ్మలు చేస్తూ ఈ పనిలోకి వచ్చిన మనిషి. ఎదురుగా ప్రాణమున్నదేదో ఒకటి లేనిదే ఆవిడకు మట్టి మీద చెయ్యి ఆడదు. ఇంట్లో అక్క ఆవిణ్ణి మొండిఘటం అనే పిలిచేది.

ఆ ఏడు ఆవిడకు అప్పగించింది ఓ చిన్న అడవికుక్కను. నక్కంత కూడా ఉండదు. మనిషి పుట్టకముందే ఆ జాతి తుడిచిపెట్టుకుపోయింది. దొరికినవల్లా ఒక దవడ, కొన్ని కాలి ఎముకలు. ఇది కుదిరితే పక్క హాల్లోకి రాబోయే బొచ్చు ఏనుగు పనీ ఆవిడకే ఇస్తామన్నారు. ఆ ఏనుగు కోసం ఆవిడ ఏళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

అలవాటు కొద్దీ ఇంటి కుక్కను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. దాన్ని జమీందారు అనేవాళ్లు. పని చెయ్యదు, బిస్కెట్టు మాత్రం హక్కుగా అడుగుతుంది.

నమూనా చూసి డైరెక్టరు మురిసిపోయాడు. ఏనుగు పని మీకేనన్నాడు. తర్వాత చూడటానికి వచ్చిన అక్క ముక్కున వేలేసుకుంది.

"ఏమే, ఇది మన జమీందారేగా? బిస్కెట్టు కోసం చూస్తోంది."

ఆవిడ మొహం మాడిపోయింది. వాలిన చెవులు, ఊగబోతున్న తోక, పైకెత్తిన కళ్లు. ఆ కాలంలో బిస్కెట్టు పెట్టే చెయ్యెక్కడిది?

మళ్లీ చేస్తానని వెళ్లి అడిగింది. డైరెక్టరు తెలివితక్కువవాడేం కాదు.

"తప్పని నాకూ తెలుసమ్మా. కానీ ముద్దొస్తోంది, జనం వస్తారు. అలా వదిలెయ్యండి. ఏనుగు సంగతి గుర్తుంచుకోండి."

"ఇది ఎవరి చేతి తిండీ తినలేదు సార్. ఎవర్నీ దేబిరించకుండా బతికింది, దేబిరించకుండానే పోయింది. ఇప్పుడు నేను దీని చేత అడుక్కు తినిపించనా?"

జవాబు కోసం ఆగలేదు. ప్రదర్శన ప్రారంభానికి ముందురోజు మెడ దగ్గర రంపం పెట్టి కోసింది. తల పక్కకు తిప్పి అతికించింది, చెవులు నిక్కబెట్టింది, తోక దించేసింది. దాన్ని మార్చే వ్యవధి లేక మ్యూజియం వాళ్లు అలాగే నిలబెట్టారు. ఏనుగు మాత్రం వేరేవాళ్లకు పోయింది. అంత పని చేజేతులా పోగొట్టుకున్నావని అక్క తిట్టిపోసింది. పోతే పోనీ అంది ఆవిడ.

ఇప్పటికీ జనం ఆ కుక్క ముందు వంగి చిటికెలు వేస్తారు, ఈలలు వేస్తారు. అది గోడవైపే చూస్తుంది. ఆవిడ అటుగా వెళ్తుంటే ఆగి, చేతులు కట్టుకుని నిలబడుతుంది.

"పిలవండి, పిలవండి," అంటుంది. "అది రాదు."