వానలో బెండు బంతి

ఇంట్లో ఒకడు ఇంటర్ చదువుతుంటే ఆ పరీక్ష ఇంటిల్లిపాదీ రాసినంత పని అయ్యే రోజులవి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా బాపట్లలో కాపురానికి వచ్చిన ఏడాదే నా నెత్తిన భౌతికశాస్త్రం పడింది. మా మరిది అందులో తప్పాడు, మళ్ళీ రాసి మళ్ళీ తప్పాడు. మా మావయ్యగారు నవ్వగా ఎవరూ చూడలేదు (మా పెళ్ళి ఫోటోలో కూడా ఎవరినో సాగనంపడానికి వచ్చినట్టే ఉంటారు). ఆయన ఒకటే మాట అన్నారు. ఆ చదువులో ఏముందో తన కళ్ళకు కనబడేలా చూపిస్తే ఇంకొక్కసారి పరీక్ష రాయనిస్తారట, లేకపోతే రేపల్లెలో వాడి మేనమామ ఎరువుల కొట్టుకు పంపేస్తారట.

మరిది ఆలోచించి ఆలోచించి స్థిరవిద్యుత్తును ఎంచుకున్నాడు. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డీని, దారానికి వేలాడే బెండు బంతి దగ్గరకు తెస్తే, బంతి దానంతటది వచ్చి తాకి, తాకగానే దూరంగా జరిగిపోతుందట. రాపిడితో ఆవేశం పుడుతుందనీ, అది రెండు రకాలనీ, ఒకే రకానివి తోసుకుంటాయనీ, వేరువేరువి లాక్కుంటాయనీ నేను బియ్యం ఏరుతుంటే చెప్పుకొచ్చాడు. (మా అత్తయ్యగారూ పెద్దాడపడుచూ ఒకే రకమని నాకు అక్కడే అర్థమైంది.) కడ్డీ కాలేజీలో అడిగి తెచ్చాడు, పట్టుగుడ్డ నా జాకెట్టు పేలిక. బెండు మాత్రం దొరకలేదు. నేనే పెట్టెలో దాచుకున్న, బెండుతో చేసిన నా పెళ్ళి భాసికం తీసి, అంచున కొంచెం కోసిచ్చాను. పొయ్యి పక్కన కడ్డీ వెచ్చజేసి రుద్దితే బంతి ఎగిరొచ్చి తాకి, తప్పుచేసినట్టు పారిపోయింది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు వినబడేసరికి అత్తయ్యగారు కంగారుగా వచ్చి, భాసికం చూసి కూలబడ్డారు. "మొగుడు బతికుండగా భాసికం కోసిన కోడల్ని నిన్నే చూశానమ్మా" అన్నారు.

సాయంత్రం మావయ్యగారు అరుగు మీద కుర్చీ వేసుకునేసరికి సముద్రం వైపునుంచి ముసురు పట్టింది. గోడలు చెమర్చాయి, జాడీలో ఉప్పు నీరుకారింది. మరిది రుద్దాడు. బంతి కదల్లేదు. చేతులు నొప్పెట్టేదాకా రుద్దాడు. గాలిలో తడి ఉంటే ఆవేశం నిలవదని, ఒక్కసారి పొయ్యి దగ్గరికి రమ్మని బతిమాలాడు. చదువు చూడ్డానికి వంటింట్లో కూర్చోవాలా అని ఆయన లేవలేదు. నేను తలుపు చాటున నిలబడి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను (విద్యుత్తు ఎవరి శాఖో తెలియక). చివరికి మావయ్యగారు బంతి మీదికి వంగి చూసి, అలవాటు కొద్దీ పొడుగ్గా నిట్టూర్చారు. బంతి ఊగి వెళ్ళి కడ్డీకి తగిలింది.

"కదిలిందిరా" అన్నారు. ఆయన గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు.

మరిది తలదించుకున్నాడు. "అది కరెంటు కాదు నాన్నా. మీ ఊపిరి."

మావయ్యగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

వాణ్ణి రేపల్లె బండి ఎక్కించడానికి మా ఆయనా నేనూ తెనాలి దాకా వెళ్ళాం. నోరు మూసుకుని ఊరుకుంటే పోయేది కదా అబ్బాయీ అన్నాను.

"ఊరుకుందామనే అనుకున్నా వదినా. కానీ ఆ పుస్తకం మొత్తంలో నాకు బాగా వచ్చింది అదొక్కటే" అన్నాడు.

బండి కదిలాక నేను ఏడ్చిన ఏడుపుకి, పక్క బల్ల మీది పెద్దావిడ మీ ఆయన మళ్ళీ ఎప్పుడొస్తాడమ్మా అని ఓదార్చింది. మా ఆయన నా పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. మరిది ఆ కొట్లోనే తల నెరిసిపోయాడు. మబ్బు పట్టింది, ఈవేళ ఎరువు చల్లకండి అని వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేవాడని మేనమామ చచ్చేదాకా సణిగాడు. అది విన్నప్పుడల్లా నవ్వొచ్చేది. ఆ స్టేషనులో ముక్కు ఎర్రబడేలా ఏడుస్తున్న ఆనాటి చిన్న కోడలు, అదే నేను, ఇప్పుడు కనబడితే దగ్గర కూర్చోబెట్టుకుని ఊరుకోవే అనాలనిపిస్తుంది. ఏం చెప్పి ఊరుకోబెట్టాలో మాత్రం ఇంత వయసొచ్చినా తోచదు.