మడమ వెనుక వాపు

చల్లపల్లి హైస్కూలు టీచరు రాగిణికి మడమల పైన నరం ఏళ్ల తరబడి లావెక్కి, గట్టిపడి ఉంది. క్లాసులో నిలబడి నిలబడి అలా అయిందనుకుని దాని సంగతే పట్టించుకోలేదు.

ఈ వేసవిలో అన్న విశ్వేశ్వర్ గుండెపోటుతో పోయాడు. నలభై నాలుగేళ్లు. బక్కపలచటి మనిషి, సిగరెట్టు ఎరగడు, రోజూ కాలవగట్టున నడిచేవాడు. వాళ్ల నాన్న కూడా ఆ వయసులోనే పోయాడు. అప్పట్లో మేనత్తలు అందరి ముందూ అమ్మ జ్ఞానప్రసూనాంబని పట్టుకుని, "నెయ్యి పోసి పోసి మా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది" అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో వెన్న కాచలేదు.

అన్న కర్మ అయిన కొన్నాళ్లకి రాగిణికి మెట్లెక్కితే ఛాతీ బరువెక్కసాగింది. విజయవాడ వెళ్లింది. గుండె డాక్టరు రుచిత రక్తపరీక్ష కాగితం చూసి, చెప్పులు తీయమని మడమల వెనుక నొక్కి చూసింది.

"మీ ఇంట్లో చిన్నవయసులో గుండెపోటుతో పోయినవాళ్లున్నారాండీ?"

"నాన్న. మొన్న అన్నయ్య."

"ఇది తిండివల్ల వచ్చిన కొలెస్ట్రాల్ కాదమ్మా. మీ నాన్నగారి వైపు నుంచి పుట్టుకతో వచ్చింది. మడమ దగ్గర ఈ వాపు కూడా ఆ కొవ్వు పేరుకునే వచ్చింది. మందులున్నాయి, భయపడకండి. పిల్లలెంతమంది?"

"ఒక్కడే బాబు."

"అతనికీ పరీక్ష చేయించండి. రావచ్చు, రాకపోవచ్చు. సగానికి సగం."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పింది. ఆవిడ తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టింది.

"అయితే నా వంట కాదుటే?"

"కాదమ్మా."

ఆవిడ తేలికపడుతుందనుకుంది రాగిణి. ఆవిడ ముఖం ఇంకా నల్లబడింది. "ముప్పయ్యేళ్లు మీ అన్నకి చప్పిడి తిండి పెట్టానే. ఒక్క పూట కమ్మగా పెట్టలేదు. అయినా పోయాడు" అంది.

కొడుకు ప్రణవ్ రిపోర్టులో కూడా కొలెస్ట్రాల్ ఎక్కువే వచ్చింది. "నేనూ మావయ్యలాగే పోతానా అమ్మా?" అని అడిగాడు.

"మావయ్యకి ఎవరూ చెప్పలేదురా. మనకి తెలిసింది, మాత్రలు వేసుకుంటాం" అంది. తననుంచే వాడికి వచ్చిందన్న మాట మాత్రం అనలేకపోయింది.

గుండె రక్తనాళంలో పూడిక ఉందని రాగిణికి స్టెంటు వేశారు. మందులతో ఇద్దరికీ కొలెస్ట్రాల్ తగ్గుతోంది. ఆటలు మానక్కర్లేదని డాక్టరు గట్టిగా చెప్పింది. అయినా స్కూలు మైదానంలో ప్రణవ్ పరుగెడుతుంటే రాగిణి పాఠం ఆపి కిటికీ దగ్గరికి వెళుతుంది. వాడు ఆగి ఊపిరి తీసుకునేదాకా అక్కడే నిలబడుతుంది.