మూతి తిప్పిన మోటారు

"ఇవి పనికిమాలినవి నాయనమ్మా! ఎంత తిన్నగా తోలినా బండి ఎడమకే పోతోంది. రేపు తీసుకెళ్ళి ఆ పాత సామాన్ల కొట్టువాడి మొహాన కొడతా."

"ఏరి కోరి తెచ్చింది నువ్వే కదటే? విడివిడిగా తిప్పినప్పుడు రెండూ బానే తిరిగినయ్యిగా?"

"అప్పుడు తిరిగితే ఏం లాభం? నీకు మోటార్ల గురించి ఏం తెలుసని?"

"ఏం తెలీదు. పారేసి ఏడవడం గురించి తెలుసు."

మొన్న బస్సులో పోతుంటే వాన పడింది. డ్రైవరు ముందు అద్దం మీద నీళ్ళు తుడిచే పుల్ల కిర్రుకిర్రుమంటూ ఇటూ అటూ ఆడింది. ఆ చప్పుడు వినగానే నాకూ మా మనవరాలు శ్రావణికీ ఇరవయ్యేళ్ళ కిందట మా మిరప కళ్ళంలో జరిగిన ఈ తగువు గుర్తుకొచ్చింది. ఆ పుల్లని ఆడించే మోటార్లే, పాత లారీల్లోంచి ఊడదీసినవి రెండు, అప్పట్లో మా ఇంటి వసారాలో గోనెపట్టా మీద కూర్చుని ఉండేవి.

శ్రావణి అప్పుడు గుంటూరులో ఇంజనీరింగు చదువుతోంది. కాలేజీలో యంత్రాల కుస్తీ పెడుతున్నారనీ, ఇనుప బండి ఒకటి చేసి బరిలోకి వదిలితే అది ఎదుటి బండిని కుమ్మాలనీ చెప్పింది. కోడిపందెం లాంటిదా అంటే నవ్వింది. మనిషెక్కని బండి ఎలా కుమ్ముతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చక్రాలు తిప్పడానికి ఏ మోటార్లు పెట్టాలన్నదాని మీద నెలరోజులు ఇల్లు హోరెత్తింది. బొమ్మకార్లవి వేగంగా తిరుగుతాయి గానీ బరువు మోయవట, గోడకి చిల్లులు పెట్టే మిషనువి బలమైనవే గానీ ఊరికే వేడెక్కుతాయట, పుస్తకంలో చూసి తెప్పించుకునే కొత్తవి అన్నిటికీ పనికొస్తాయట గానీ అంత పెట్టుబడి మన వల్ల కాదట. జట్టులో ఉన్న ముగ్గురు మగపిల్లలు కొత్తవే కావాలన్నారు. ఇది ఒక్కతీ పంతం పట్టి, లారీ మోటార్లతోనే నడిపిస్తాననీ, నడవకపోతే మళ్ళీ పనిముట్టు ముట్టననీ మాటిచ్చి వచ్చింది. మా తగువు నాటికి పందెం ఎల్లుండే. బరిలోకి దింపే ముందు తిన్నగా నడిపి చూపించకపోతే వెనక్కి పంపేస్తారట.

వేగమా, బలమా అని అది తల పట్టుకున్నప్పుడల్లా నాకు మా నాన్న కనబడేవాడు. మాది పొదిలి దగ్గర మెట్ట ఊరు. నేను మూడో తరగతితో బడి మానేసి, పొద్దున్నే నానిన పత్తిగింజలు రుబ్బి ఎడ్లకి పెట్టడం, ఉలవలు ఉడికే కుండ కింద మంట ఎగదొయ్యడం, ఆ ఉడుకు ఉలవలు నాలుగు దొంగిలించి ఉప్పద్దుకుని తినడం, మధ్యాహ్నం అరుగు మీద వామనగుంటలు ఆడడం, ఇదే నా లోకంగా ఉండేదాన్ని. తిరునాళ్ళకి బండలాగుడు పందేలు జరిగేవి. ఒక ఏడు మా జోడులో ఒక ఎద్దు చచ్చిపోతే నాన్న కనిగిరి వైపు నుంచి తెల్లటి గిత్తని తోలుకొచ్చాడు. కొమ్ములు చూశాడు, పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, తోక సుడి కూడా చూశాడు. ఏ పక్క కట్టి అలవాటు చేశారని మాత్రం అడగలేదు. మా పాత ఎద్దు కుడి పక్కది కాబట్టి కొత్తదాన్ని ఎడమ పక్క కట్టాడు.

నీళ్ళకి తోలుకుపోయేటప్పుడు ఆ గిత్త ప్రతిసారీ పాతదాన్ని నెట్టుకుంటూ కుడి పక్కకే వచ్చేది. నేను చూశాను. చెబితే "ఎడ్ల సంగతి నీకెందుకే" అంటాడని నోరు మూసుకున్నాను. తిరునాళ్ళ రోజున ఊరంతా చూస్తుండగా బండ వంకరగా పోయి గీత దాటేసింది. పొగరుబోతు గొడ్డని నాన్న దాన్ని ఆ వారమే అమ్మేశాడు. తోలుకుపోతుంటే అది రెండుసార్లు వెనక్కి చూసింది. కొన్నవాళ్ళు కుడి పక్క కట్టారనీ, తిన్నగా, మెత్తగా లాగిందనీ తర్వాత ఎవరో అన్నారు. నిజమో అబద్ధమో నాకు తెలియదు.

అందుకే ఆ సాయంత్రం కళ్ళంలో, మిరపఘాటూ మోటారు మాడిన వాసనా కలిసి ముక్కు అదురుతుంటే, శ్రావణితో అన్నాను:

"పక్కలు మార్చి చూడవే. ఇటుది అటు, అటుది ఇటు."

విసుక్కుంటూనే మార్చింది. బండి మళ్ళీ ఎడమకే పోయింది. నాకు తెలిసిన ఒక్క సంగతీ అబద్ధమైపోయినట్టు నిలబడిపోయాను. మోటారు మారినా వంకర మారలేదంటే తప్పు మోటారుది కాదు, పక్కది. పక్కకి తప్పేమిటి? నాకు తల తిరిగింది. వంగి చూస్తే చక్రం తగిలించే మూతి ఒకదానిది ఉత్తరానికుంది, రెండోదానిది దక్షిణానికుంది.

"ఇవి ఇట్టా వీపులు ఆనించుకుని కూర్చున్నయ్యేంటే?"

"చక్రాలు చెరో పక్క ఉంటాయిగా. అందుకని."

"రెండూ ఒకే వైపు తిరుగుతయ్యా?"

"కాదు. ఇది ముందుకి తిరుగుతుంటే అది వెనక్కి తిరగాలి. అప్పుడే రెండు చక్రాలూ ముందుకి పోతాయి."

"అంటే ఒకటి వెనక్కి నడుస్తా లాగుతోందా? వెనక్కి నడిచేది ముందుకి నడిచేదానితో ఎట్టా సమానంగా లాగుద్దే?"

శ్రావణి ఎడమ మోటారు తీగలు రెండూ తీసి అటూ ఇటూ మార్చి తగిలించి, తిరిగే వైపు మార్చి మార్చి చూసింది. ఒక వైపు జోరుగా, రెండో వైపు కాస్త నీరసంగా తిరిగింది. లారీలో ఇవి పుట్టినప్పటి నుంచీ ఒకే వైపు తిరిగేవట. ఆ వైపుకే బలమట.

"నాయనమ్మా, తాతయ్య పాత సైకిలు విప్పుకోనా?"

ఆ సైకిలు ఎవరికీ ఇవ్వకుండా పదకొండేళ్ళు దాచాను. విప్పుకో అన్నాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఎడమ మోటారు కూడా కుడిదాని వైపుకే మూతి పెట్టుకుని ఉంది. దాని నుంచి ఎడమ చక్రానికి సైకిలు గొలుసు పోయింది; ఇక రెండు మోటార్లూ బలమున్న వైపుకే తిరుగుతాయట. శ్రావణి బండిని కళ్ళం ఈ చివర పెట్టి వదిలింది. అది ఎండుమిరప రాశుల నడుమ గీత గీసినట్టు తిన్నగా పోయి, అవతల గోడకి ఆనించిన నా కొత్త చేటని గుద్ది చిల్లి పెట్టింది. చేట పాడు చేసినందుకు శ్రావణిని తిట్టాను. తర్వాత దాని బండిని తెలగపిండి సంచిలో నేనే చుట్టి, ఎనిమిదింటి బస్సు ఎక్కించి వచ్చాను.