కొండకు తొలి ముద్ద

ఆవిడ పేరు నేను అడగనేలేదు. సౌదీలోని అబ్హా కొండలెక్కుతుండగా గైడు మమ్మల్నందరినీ ఒక బండ నీడన కూర్చోబెట్టి, డబ్బాలు విప్పమన్నాడు. నా పక్కన కూర్చున్నది ఒక కొరియా ఆవిడ, నడివయసు మనిషి. నేను ప్రార్థన చేసుకుని కళ్ళు తెరిచేసరికి, ఆవిడ సముద్రపు నాచులో చుట్టిన అన్నం ముక్క ఒకటి లోయలోకి విసిరింది.

"ఎవరికండీ?" అని ఇంగ్లీషులో అడిగాను.

"మా దేశంలో కొండమీద గుడికి వెళ్ళేటప్పుడు మా అమ్మ ఇలాగే వేసేది. పూర్వం ఒక ముసలామె నా అన్నవాళ్ళు లేకుండానే చచ్చిపోయిందట. ఆమెకు పెట్టేవాళ్ళు లేరు కదా, అందుకని బయట తినేవాళ్ళందరూ తొలి ముద్ద ఆమెకే ఇస్తారు," అంటూ తన డబ్బా నా వైపు జరిపింది.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు, పక్కింటి ప్రసాదం కూడా ముట్టనిచ్చేవారు కాదు. నా చెయ్యి కాసేపు ఆగింది. అప్పుడే నేను నర్సుగా చేసే వార్డులో చనిపోయిన కడప డ్రైవరు గుర్తొచ్చాడు. చేతులు పడిపోయినా స్పూను వద్దనేవాడు. "అక్కా, రోంత ముద్ద చేసి పెట్టు," అనేవాడు. పోయాక అతని కఫీలు, అంటే పనికి తెచ్చుకున్న యజమాని, వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటి నుంచి ఎవరూ రాలేదు.

నా పులిహోరలోంచి ఒక ముద్ద తీసి విసిరాను.

"ఎవరికి వేశారో వాళ్ళని పిలవాలి," అందావిడ మెల్లగా.

"తిను తమ్ముడూ," అన్నాను. వార్డులో రోజూ అన్న మాటే. ఈసారి నోరు తెరిచే మనిషి లేడు.